కోస్తాలో పొగమంచు: రాత్రే అంచనా వేసి, పొద్దున క్షేమంగా గట్టెక్కడం ఎలా?

తుపాను వస్తోందంటే నాలుగు రోజుల ముందు నుంచే టీవీల్లో హడావుడి మొదలవుతుంది. పొగమంచుకు ఆ ఆర్భాటం ఏమీ ఉండదు. రాత్రి పదింటికి ఆకాశం నిండా చుక్కలు కనిపించిన ఊళ్లోనే తెల్లవారుజామున ఐదింటికి ఎదురింటి గేటు కూడా ఆనదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెల్లూరు నుంచి శ్రీకాకుళం వరకు ఇది ఏటా ఉండేదే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మరీ ఎక్కువ. పైగా సంక్రాంతి ప్రయాణాలు, కోతలయ్యాక ధాన్యం తోలకాలు, మామిడి పూత, రొయ్యల చెరువుల పని అన్నీ ఈ మూడు నెలల్లోనే పడతాయి.

మంచులో బండి ఎలా నడపాలని చాలామంది అడుగుతారు. అసలు ఎన్నింటికి బయల్దేరాలన్నది అంతకంటే ముందు తేల్చుకోవాలి. ఆ ఒక్కటి సరిగ్గా చూసుకుంటే కింద చెప్పిన జాగ్రత్తల్లో సగం మీకు అవసరమే పడవు. అందుకే రాత్రి నుంచే మొదలుపెడదాం.

మొదట: మంచు ఎందుకు పడుతుందో తెలుసుకోండి

మబ్బు లేని రాత్రి, పగలంతా నేల పీల్చుకున్న వేడి పైకి వెళ్లిపోతుంది. నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లటి గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచలేదు. ఒక హద్దు దాటాక ఆ తేమ కంటికి ఆనని నీటి చుక్కలుగా మారి గాలిలో తేలుతుంది. అదే పొగమంచు. కోస్తాలో తేమకు కొదవేముంది? పక్కనే బంగాళాఖాతం, ఊరి చుట్టూ కాలవలు, తడి ఆరని మాగాణులు, చేపల చెరువులు. కైకలూరు, ఏలూరు వైపైతే కొల్లేరు కూడా.

గాలి వాటం కూడా చూడాలి. ఆకు కూడా కదలనంత నిశ్చలంగా ఉంటే తేమ చాలావరకు నేల మీదే దిగి, గడ్డి మీద మంచు బిందువులతో సరిపోతుంది. పిల్లగాలి ఉంటే ఆ చల్లదనం కాస్త పైదాకా పాకి మంచు దట్టమవుతుంది. గట్టిగా గాలి వీస్తే మంచు నిలవదు. అల్పపీడనం దగ్గర్లో ఉన్నప్పుడు మబ్బూ గాలీ ఉంటాయి కాబట్టి మంచు పెద్దగా పట్టదు. అది వెళ్లిపోయి, ఆకాశం తేటపడి, నేల మాత్రం ఇంకా తడిగా ఉన్న రెండు మూడు రాత్రులే అసలు ప్రమాదం. వాన వెలిసింది కదా అని జనం అప్పుడే బయల్దేరతారు.

కళ్లాల దగ్గర గడ్డి తగలబెట్టిన పొగ, భోగి మంటల పొగ కలిస్తే మంచు ఇంకా చిక్కబడుతుంది. చల్లటి గాలి నేలను అంటుకుని ఉండటంతో ఆ పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతుంది.

ఎంత దట్టమైతే ఎంత ప్రమాదమన్నదానికి వాతావరణ శాఖ కొలతలు ఉన్నాయి. 1000 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తే పొగమంచు అంటారు. 200 నుంచి 500 మీటర్లు కనిపిస్తే ఓ మోస్తరు, 50 నుంచి 200 మీటర్లయితే దట్టం, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టం. ఈ 50, 200 అంకెలు గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

రాత్రి తొమ్మిదికి: రేపు మంచు పడుతుందా?

ముందు ఆరుబయటికి వచ్చి చూడండి. ఆకాశం తేటగా ఉందా, గాలి తగ్గిందా, నేల తడిగా ఉందా? తర్వాత బయట పెట్టిన బైకు సీటు మీద చెయ్యి వేసి చూడండి. తొమ్మిది, పదింటికే సీటు తడిగా తగిలితే తెల్లవారుజామున మంచు పట్టడానికి గట్టి అవకాశం ఉన్నట్టే. ఏ యాప్ లేని రోజుల్లోనూ డ్రైవర్లు ఈ లెక్కే చూసుకునేవాళ్లు.

ఇప్పుడు ఫోన్ తీయండి. చాలా వాతావరణ యాప్‌లలో ఉష్ణోగ్రతతో పాటు డ్యూ పాయింట్ అని ఇంకో అంకె ఉంటుంది. గాలి ఎంత చల్లబడితే తేమ నీళ్లుగా మారుతుందో చెప్పేది అదే. రాత్రి పదింటికి ఉష్ణోగ్రత 21, డ్యూ పాయింట్ 19 ఉండి, తెల్లారేసరికి ఉష్ణోగ్రత 18కి పడుతుందని అంచనా ఉంటే మంచుకు సిద్ధపడాల్సిందే. రెంటి మధ్య తేడా ఆరేడు డిగ్రీలుంటే మంచు పట్టే అవకాశం తక్కువ.

హెచ్చరికలకు వాతావరణ శాఖ వారి మౌసమ్ యాప్, విపత్తుల హెచ్చరికలకు సచేత్ యాప్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా రంగులతో హెచ్చరిక ఇస్తుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడమని. రాబోయే మూడు గంటలకు ఇచ్చే సూచనలు కూడా ఉంటాయి. తెల్లవారుజామున లేవగానే చూడాల్సినవి అవే.

యాప్‌లో కనిపించే ‘విజిబిలిటీ 6 కి.మీ.’ లాంటి అంకెను మాత్రం నమ్ముకోకండి. చాలా సార్లు అది కంప్యూటర్ వేసిన లెక్కే, ఎవరూ అక్కడ నిలబడి చూసింది కాదు. గన్నవరం, రాజమండ్రి విమానాశ్రయాలు విమానాల కోసం ఇచ్చే వాతావరణ సమాచారం, అంటే మెటార్ రిపోర్టుల్లో ఉండేది కొలిచిన దూరం. అవి ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. అన్నిటికంటే నమ్మకమైనది, దారిలోని ఊళ్లో మీకు తెలిసినవాళ్లకు ఒక ఫోన్ కాల్. పాలకేంద్రం వాళ్లు, చెరువుల దగ్గర కాపలా వాళ్లు నాలుగున్నరకే లేచి ఉంటారు. “బాబాయ్, మీ దగ్గర మంచు ఎలా ఉంది?” అని అడిగితే ఏ ఉపగ్రహమూ చెప్పలేనంత కచ్చితంగా చెబుతారు.

బయల్దేరే టైము మార్చుకోండి

హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చేవాళ్లు ఎక్కువగా చేసేది ఏమిటంటే, ఆఫీసు అయ్యాక అన్నం తిని, ట్రాఫిక్ తగ్గాక రాత్రి పదకొండుకు బయల్దేరడం. విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. మధ్యలో టీ, టోల్ గేట్ల దగ్గర క్యూలు కలిపి నందిగామ దాటేసరికి నాలుగవుతుంది. అక్కడి నుంచి గుడివాడ, కైకలూరు, భీమవరం వైపు తిరిగేసరికి ఐదు, ఆరు. అంటే మంచు బాగా చిక్కగా ఉండే వేళకు, డ్రైవర్‌కి కళ్లు మూతలు పడే వేళకు, రోడ్డు ఇరుకైన చోటుకు సరిగ్గా చేరుకుంటారన్నమాట. ఇంతకంటే చెడ్డ ముహూర్తం వెతికినా దొరకదు.

దానికి బదులు మధ్యాహ్నమే బయల్దేరి రాత్రి పదిలోపు ఇల్లు చేరడం అన్నిటికంటే మంచిది. సెలవు దొరక్కపోతే రాత్రి నిద్రపోయి నాలుగున్నర, ఐదింటికి హైదరాబాద్‌లో బయల్దేరండి. విజయవాడ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, చాలా రోజుల్లో అప్పటికి మంచు విడిపోయి ఉంటుంది. తెలంగాణ వైపు కూడా మంచు ఉన్న రోజైతే ఇంకో గంట ఆగండి. రాత్రే బయల్దేరి ఉంటే సూర్యాపేట దగ్గర హోటల్లో ఆగి రెండు మూడు గంటలు నిద్రపోండి. ఇంట్లో వాళ్లకు ‘పొద్దున టిఫిన్‌కి వచ్చేస్తాం’ అని మాట ఇవ్వకండి. ‘మధ్యాహ్నం భోజనానికి’ అని చెప్పండి. చాలా ప్రమాదాలకు తొందర కారణం, ఆ తొందరకు ఇలాంటి మాట కారణం.

తెల్లారితే మంచు తగ్గుతుందన్న లెక్క కూడా వెంటనే నిజం కాదు. జనవరిలో మన కోస్తాలో సూర్యోదయం ఆరున్నర దాటాకే. ఎండ పొడ మొదట తగలగానే నేల మీది మంచు బిందువులు ఆవిరవుతాయి, గాలి కొద్దిగా కదులుతుంది. దాంతో సూర్యోదయం తర్వాత కాసేపు మంచు ఇంకా చిక్కబడొచ్చు. ఎనిమిది, తొమ్మిది మధ్య నేల వేడెక్కాక అది లేచి తేలిపోతుంది. పైన మబ్బు కమ్మితే పది దాకా కూడా ఉండొచ్చు.

ఎంత వేగం? లెక్క వేసుకోండి

ఎదురుగా అడ్డం కనిపించాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. రోడ్డు తడిగా ఉంటుంది. అప్పుడు 40 కిలోమీటర్ల వేగంలో కారు ఆగడానికి సుమారు 30 మీటర్లు కావాలి. 60లో 53 మీటర్లు, 80లో 83 మీటర్లు, 100లో దాదాపు 120 మీటర్లు. లోడు లారీకి ఇంకా ఎక్కువ. 50 మీటర్లే కనిపించే మంచులో 60లో వెళ్తున్నారంటే, కనిపించిన వస్తువును గుద్దాకే బండి ఆగుతుంది.

కనిపించే దూరం ఎంతో తెలుసుకోవడానికి హైవే మీద ఒక మంచి కొలబద్ద ఉంది. కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకు 2, 4, 6, 8 అంకెలున్న చిన్న రాళ్లు ఉంటాయి. ఒక రాయి పక్కన ఉన్నప్పుడు తర్వాతి రాయి చోటు కనిపించకపోతే మీరు దట్టమైన మంచులో ఉన్నట్టు. ఊళ్లో అయితే పగలే మీ గేటు నుంచి 50 మీటర్లు, అంటే 65, 70 అంగలు కొలిచి ఒక స్తంభమో చెట్టో గుర్తు పెట్టుకోండి. పొద్దున లేచి చూస్తే ఆ గుర్తు కనిపించకపోతే తాళాలు మళ్లీ మేకుకు తగిలించండి. కనిపించినా 200 మీటర్ల లోపే అయితే 40 దాటకండి.

బండిని సిద్ధం చేయండి

ముందు రాత్రే అద్దాన్ని బయటా లోపలా తుడవండి. లోపలి వైపు పట్టిన జిడ్డు పొర మీద ఎదుటి లైటు పడితే అంతా తెల్లగా మారిపోతుంది. హెడ్‌లైట్లు, వెనక ఎర్ర లైట్లు, ఇండికేటర్లు ఒకసారి వేసి చూడండి. వైపర్ రబ్బరు ఎండి గీతలు పెడుతుంటే మార్చేయండి. ప్రతిఫలించే త్రికోణం, టార్చి, నీళ్లు బండిలో ఉండాలి.

అద్దం మసకబారడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సముద్ర తీరంలో ఇది రెండు రకాలుగా జరుగుతుంది. కార్లో నలుగురు ఊపిరి వదులుతుంటే లోపలి వైపు ఆవిరి పడుతుంది. దానికి ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, గాలిని ముందు అద్దం మీదికి తిప్పితే నిమిషంలో పోతుంది. కానీ తేమ ఎక్కువగా ఉన్న కోస్తాలో ఏసీని బాగా చల్లగా పెడితే అద్దమే చల్లబడి, బయటి వైపు ఆవిరి పడుతుంది. అప్పుడు లోపల గుడ్డతో ఎంత తుడిచినా ఉపయోగం ఉండదు. చాలామంది కంగారుపడి ఏసీని ఇంకా పెంచుతారు, మసక ఇంకా పెరుగుతుంది. వేలితో అద్దాన్ని లోపలి నుంచి రాయండి. గీత పడితే ఆవిరి లోపల ఉన్నట్టు, పడకపోతే బయట ఉన్నట్టు. బయట ఉంటే ఒకసారి వైపర్ వేసి, ఏసీ చల్లదనం తగ్గించి, గాలిని అద్దం మీద నుంచి కాళ్ల వైపు తిప్పండి.

ట్రాక్టర్ ఉన్న రైతులు ట్రక్కు వెనక ఎర్ర రేడియం టేపు, పక్కల పసుపు టేపు అంటించండి. ధాన్యం బస్తాలు, గడ్డి వేసుకుని వెనక లైటు లేకుండా వెళ్లే ట్రాక్టరు మంచులో గోడతో సమానం. టేపు ఖర్చు బస్తా ధాన్యం ధరలో ఎన్నో వంతో మీరే చూసుకోండి. గడ్డి వేలాడి టేపును కప్పేయకుండా చూడటం మరిచిపోవద్దు.

రోడ్డు ఎక్కాక

లైట్లు డిమ్‌లోనే ఉంచండి. హైబీమ్ వేస్తే వెలుగు మంచు చుక్కలకు తగిలి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది, ఉన్న చూపు కూడా పోతుంది. ఫాగ్ ల్యాంపులు కిందికి, వెడల్పుగా వెలుగునిస్తాయి కాబట్టి ఉంటే వేసుకోండి. పగటి పూట సన్నగా వెలిగే డే లైట్లతో సరిపెట్టుకోకండి. చాలా కార్లలో వాటితో పాటు వెనక లైట్లు వెలగవు.

నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని ప్రయాణించడం మన దగ్గర పెద్ద అలవాటైపోయింది. దీంతో నాకు పేచీ ఉంది. ఆ లైట్లు వేసుకుంటే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు. ఆగి ఉన్న బండేదో, కదులుతున్న బండేదో కూడా తెలియదు. అవి ఆగిన బండికి ఉంచండి.

ఎడమ పక్కనున్న తెల్ల గీతను ఆసరాగా పట్టుకోండి. నడుమ గీతను పట్టుకుంటే ఎదుటివాడూ దాన్నే పట్టుకుని వస్తుంటాడు. ముందు లారీ ఎర్ర లైటును వదలకుండా దగ్గరగా అనుసరించడం ధైర్యంగా అనిపిస్తుంది గానీ, ఆ లారీ కాలవలోకి పోతే మీరూ వెనకే పోతారు. ఓవర్‌టేక్ మాట ఎత్తొద్దు. పాటలు ఆపేసి, కూడళ్ల దగ్గర కిటికీ అద్దం రెండు అంగుళాలు దించండి. చూపు పనిచేయని చోట చెవి పనిచేస్తుంది.

16వ నంబరు జాతీయ రహదారి మీద డివైడర్ మధ్య ఖాళీలు వదిలిన చోట్ల ఎక్కువ జాగ్రత్త కావాలి. పొలానికి వెళ్లే ట్రాక్టర్లు, పాల క్యాన్ల బైకులు అక్కడే అడ్డంగా వస్తాయి. మలుపు తీసుకుంటూ ఆపోజిట్‌లో వచ్చేవాళ్లూ ఉంటారు. టీ కొట్ల దగ్గర రోడ్డు అంచుకు లారీలు ఆపేసి ఉంటాయి. ఇవి కాక డిసెంబరులో ఊరి రోడ్ల మీద ఇంకోటి ఉంటుంది: సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ వరసగా పేర్చిన రాళ్లు. రాత్రి రాశి చేసి బరకం కప్పినా రాళ్లు అక్కడే ఉండిపోతాయి. బైకు ముందు చక్రం అలాంటి రాయి మీదికి ఎక్కితే ఇక చెప్పేదేముంది. ఆరబోసేవాళ్లు కనీసం సాయంత్రం పూట ఆ రాళ్లు పక్కకు తీయాలి.

డెల్టాలో 165, 216 నంబరు రహదారుల్ని వదిలి లోపలి ఊళ్లకు తిరిగితే ప్రతి రోడ్డూ ఏదో ఒక కాలవగట్టే. చాలా చోట్ల పిట్టగోడ లేదు, గీతా లేదు. కొత్త దారైతే మంచులో వెళ్లనే వెళ్లొద్దు. మ్యాప్ చూపించిన దగ్గర దారిని నమ్మి గట్టు మీదికి ఎక్కకండి, పదిహేను కిలోమీటర్లు చుట్టు తిరిగినా పెద్ద రోడ్డే మేలు. ఒకవేళ బండి నీళ్లలో పడితే ఫోన్ కోసం వెతకొద్దు. సీటు బెల్టు విప్పడం, కిటికీ దించడం, పిల్లల్ని ముందు పంపి వెంటనే బయటపడటం, ఈ వరసలో చేయాలి. తలుపు మీద నీటి ఒత్తిడి వల్ల అది తెరుచుకోదు, దారి కిటికీయే. మొదటి నిమిషంలోనే ఇదంతా అయిపోవాలి.

బైకు మీద వెళ్లేవాళ్లకు హెల్మెట్ అద్దం లోపలా బయటా మసకబారుతుంది. అద్దాన్ని కొంచెం ఎత్తి గాలి ఆడనివ్వండి. నల్ల జాకెట్ వద్దు. మీకు దారి కనిపించడం ఎంత అవసరమో, మీరు ఇతరులకు కనిపించడం అంతే అవసరం.

ఆగాల్సి వస్తే

పెట్రోల్ బంకు, ధాబా, టోల్ ప్లాజా దగ్గర లారీలు ఆపే చోటు, వీటిలో ఏదైనా పరవాలేదు. రోడ్డు అంచున మాత్రం ఆగొద్దు. మీ వెనక లైటు చూసి, బండి కదులుతోందనుకుని మీ వెంటే వచ్చేవాడు ఉంటాడు. బండి చెడిపోయి తప్పనిసరిగా ఆగితే నాలుగు ఇండికేటర్లు వేసి, కనీసం 50 మీటర్ల వెనక త్రికోణం పెట్టి, అందరూ బండి దిగి రోడ్డుకు దూరంగా, రెయిలింగ్ ఉంటే దాని అవతల నిలబడండి. బండిలో వెచ్చగా ఉందని పిల్లల్ని అందులోనే కూర్చోబెట్టడం చాలా ప్రమాదం.

సముద్రంలోకి వెళ్లేవాళ్లకు

మన తీరంలో చలికాలపు మంచు ఎక్కువగా నేల మీద పుట్టి, తెల్లవారుజామున తీరం నుంచి సముద్రం వైపు వీచే గాలితో పాటు నీళ్ల మీదికి జారుతుంది. అందుకే ఏటి మొగల (ఏరు సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర, రేవుల దగ్గర చిక్కగా, లోపలికి వెళ్లే కొద్దీ పలచగా ఉంటుంది. ఇసుక మేటలు, ఇరుకు దారి, ఎదురొచ్చే పడవలు ఉండేదీ మొగల దగ్గరే కదా. కాబట్టి వేటకు వెళ్లేటప్పుడు మొగ కనిపించకపోతే రేవులోనే ఆగండి. తిరిగి వచ్చేటప్పుడు మంచు కనిపిస్తే మొగలోకి దూరకుండా బయటే, పెద్ద ఓడల దారికి పక్కగా లంగరు వేసి మంచు విడిపోయేదాకా ఉండండి. చేపల ధర గంట ఆలస్యమైతే పడిపోతుందన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. కానీ మేట మీదికి ఎక్కిన బోటు సరుకుతో సహా పోతుంది.

మరబోటు సరంగులు తెలుసుకోవాల్సిన శబ్ద సంకేతాలు అంతర్జాతీయ నిబంధనల్లో ఉన్నాయి. మంచులో కదులుతున్న ఇంజిన్ బోటు రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగాటి హారన్ కొట్టాలి. పొడుగు అంటే నాలుగు నుంచి ఆరు సెకన్లు. వల వేసి వేటలో ఉన్న బోటు ఒక పొడుగు, రెండు పొట్టి హారన్లు కొట్టాలి. లంగరు వేసి ఉంటే నిమిషానికి ఒకసారి అయిదు సెకన్ల పాటు గంట గబగబా మోగించాలి. 12 మీటర్ల కంటే చిన్న పడవలకు ఇంత కచ్చితమైన నియమం లేదు, రెండు నిమిషాలకోసారి గట్టిగా వినిపించే శబ్దం చేస్తే చాలు. ఈల, హారన్, చివరికి స్టీలు గిన్నె మీద గరిటె అయినా ఫరవాలేదు. విశాఖ, కాకినాడ దగ్గర పెద్ద ఓడల రాకపోకలుంటాయి. ఫైబర్ బోటు, చెక్క పడవ ఓడ రాడార్‌లో సరిగా కనిపించవు. పడవ రాడార్‌లో బాగా కనిపించేలా చేసే రాడార్ రిఫ్లెక్టర్ ఒకటి స్తంభానికి ఎత్తుగా కట్టుకోండి.

ఇంకో చిన్న పని. ఆకాశం బాగున్న రోజు మొగ దాటి వెళ్తూ జీపీఎస్‌లో ఆ దారిని రికార్డు చేసి పెట్టుకోండి. మంచులో చిక్కుకున్నప్పుడు అదే దారిన మెల్లగా వెనక్కి రావచ్చు. కాకపోతే మేటలు జరుగుతుంటాయి కాబట్టి పాత దారిని గుడ్డిగా నమ్మొద్దు, వాన కాలం పోయాక మళ్లీ కొత్తగా రికార్డు చేయండి. బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచన చూడండి. అలలు, గాలి, పోటు అన్నీ అందులో ఉంటాయి. లైఫ్ జాకెట్లు బోటు అడుగున కాకుండా ఒంటి మీద ఉండాలి.

చెరువు, చేను, కళ్లం

చెరువులో నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లారే ముందే అతి తక్కువగా ఉంటుంది. రాత్రంతా చేపలు, రొయ్యలు, నాచు అన్నీ దాన్ని వాడుకుంటాయి. ఎండ తగిలాకే నాచు మళ్లీ ఆక్సిజన్ ఇవ్వడం మొదలుపెడుతుంది. మంచు తొమ్మిది దాకా ఉంటే ఆ మొదలు కూడా అంత ఆలస్యమవుతుంది. అందుకని రోజూ ఆరింటికి ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆపే అలవాటుంటే, మంచు రోజున ఎండ నీటి మీద పడేదాకా ఆపకండి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు ఉంటే 4 పీపీఎం కంటే తగ్గకుండా చూసుకోండి. పొద్దుటి మేత ఆలస్యం చేయండి, తగ్గించండి. చలికి వనామీ రొయ్య సరిగా తినదు, వేసిన మేత అడుగున కుళ్లి, ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. మేత ఎంత తిన్నాయో తెలిపే చెక్ ట్రే చూశాకే మిగతాది వేయండి. చేపలు పైకి తేలి నోరు తెరుస్తున్నాయంటే అప్పటికే ఆలస్యం అవుతున్నట్టు. జనరేటర్‌లో డీజిల్ రాత్రే చూసుకోవాలి.

మామిడి పూత మీద మంచు నిలిస్తే బూడిద తెగులు, తేనె మంచు పురుగు రెండూ పెరుగుతాయి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున పిచికారీ చేయడం చాలా ఏళ్లుగా ఉన్న సిఫారసే. పూత విచ్చుకున్నాక తేనెటీగలు తిరిగే వేళ ఏ మందూ కొట్టొద్దు. వరి మాగాణుల్లో వేసిన మినుముకు కూడా ఇదే కాలంలో బూడిద, తుప్పు తెగుళ్లు వస్తాయి. మందు ఏదైనా ఆకు మీద తడి ఆరాకే కొట్టాలి, తడి ఆకు మీద కొడితే జారి నేలపాలవుతుంది. మోతాదు కోసం దుకాణదారుడి కంటే రైతు సేవా కేంద్రంలో అడగడం మేలు.

ధాన్యం అమ్మేటప్పుడు తేమ 17 శాతం దాటకూడదు. పగలంతా ఆరబెట్టింది ఒక్క మంచు రాత్రిలో మళ్లీ తడి పీలుస్తుంది. పొద్దు వాలగానే రాశి చేసి బరకం కప్పండి, మంచు పూర్తిగా విడిచి గాలి ఆడాకే తీయండి. ఆరింటికే తీసి పరిస్తే ఆరబెట్టినట్టు కాదు, తడిపినట్టు.

విమానం ఉంటే, ఆయాసం ఉంటే

చలికాలంలో గన్నవరం, రాజమండ్రి, విశాఖలకు పొద్దుటి మొదటి విమానం బుక్ చేసుకోకపోవడమే ఉత్తమం. పది తర్వాతిది చూసుకోండి, ముఖ్యంగా హైదరాబాద్‌లో దిగి ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే. ఆరు గంటలకు మించి ఆలస్యమైతే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో అడిగే హక్కు మీకుంది. వాతావరణం వల్ల ఆలస్యమైతే నష్టపరిహారం మాత్రం రాదు.

ఆస్తమా, గుండె జబ్బులున్న పెద్దవాళ్లు మంచులో వాకింగ్ మానేసి, ఎండ వచ్చాక నడవాలి. భోగి రోజున టైర్లు, ప్లాస్టిక్ మంటల్లో వేయకుండా పిల్లలకు చెప్పండి. ఆ పొగ మంచులో కలిసి పొద్దెక్కేదాకా వీధిలోనే ఉంటుంది.

ఫోన్‌లో ఉండాల్సిన నంబర్లు

ఏ ఆపదకైనా 112. అంబులెన్స్‌కు 108. జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగినా, బండి ఆగిపోయినా 1033. సముద్రంలో ఆపదకు కోస్ట్ గార్డ్ 1554, బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ ఉంటే 16వ ఛానల్. రోడ్డు మీద నుంచి ఫోన్ చేసేటప్పుడు ‘ఏలూరు దాటాక ఎక్కడో’ అని చెబితే మంచులో మిమ్మల్ని ఎవరూ వెతికి పట్టుకోలేరు. దగ్గరున్న కిలోమీటరు రాయి మీద అంకె, పక్కన చిన్న రాయి మీద అంకె, మీరు ఏ ఊరి వైపు వెళ్తున్నారన్నది, ఈ మూడూ చెప్పండి.